విండోస్ 11 రాని పాత పీసీలో లినక్స్: డీటీపీ చేసేవాళ్లు ముందు ఏం చూడాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే లెక్క. తెనాలి పక్కనే ఉన్న మా అంగలకుదురులో బాబాయి వాడే డెస్క్‌టాప్ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. పెళ్లికార్డులు, కరపత్రాలు దాని మీదే కంపోజ్ చేసి తెనాలి ప్రెస్సులకు ఇస్తారు. కొత్తది కొనకుండా దీన్ని లినక్స్‌తో నడపగలమా అని చూశాం.

ఇన్‌స్టాల్ చేయక ముందే మొత్తం తెలుసుకోవచ్చు. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ ఐఎస్‌ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అందులో ఉన్న ఫైల్స్ అన్నీ పోతాయి కాబట్టి ఖాళీ పెన్‌డ్రైవే వాడండి. పీసీ ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ, మీ బోర్డుకు ఉన్న బూట్ మెనూ కీ గానీ నొక్కితే మింట్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఇన్‌స్టాల్ బటన్ నొక్కనంతవరకు హార్డ్‌డిస్క్ జోలికి పోదు. షట్‌డౌన్ చేస్తే మీరు చేసిన మార్పులన్నీ మాయం. పెన్‌డ్రైవ్ మీద కాస్త నిదానంగా ఉంటుంది, స్పీడ్ చూసి తీర్పు చెప్పకండి.

వైఫై, సౌండ్, ప్రింటర్ అక్కడే చూసేయండి. వైఫై దొరక్కపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్ దాంతోనే దించుకోవచ్చు.

తెలుగు టైపింగ్ గురించి భయం అక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఆపిల్, పోతన లేఅవుట్లూ, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతీ దొరుకుతాయి. యూనికోడ్‌లో రాసుకునేవాళ్లకు ఇంతకు మించి అవసరం లేదు.

అసలు చిక్కు అను ఫాంట్స్‌తో. అను ఫైల్‌లో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. లోపల వేరే అక్షరాల కోడ్‌లు ఉంటాయి, వాటి మీద ఫాంట్ తెలుగు బొమ్మ చూపిస్తుంది. అందుకే ఆ ఫాంట్ లేని చోట అదే మ్యాటర్ అర్థంకాని ఇంగ్లిష్ గుర్తుల్లా కనిపిస్తుంది. ఫాంట్ కాపీ చేసి పెడితే కనపడొచ్చు గానీ, టైప్ చేయడానికి కావాల్సిన అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ ప్రోగ్రామ్. పేజ్‌మేకర్ కూడా అంతే. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ ఉంది కదా అంటారు. సరదాకి ప్రయత్నించండి, కానీ రేపు పొద్దున ముహూర్తం ఉన్న కార్డును దాని మీద నమ్మి పెట్టొద్దు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, గుణింతాలు ఒక్కొక్కటి చూసుకోవాల్సిందే. ఏళ్ల తరబడి దాచిన ఫైళ్లకు అది అయ్యే పని కాదు.

కాబట్టి డీటీపీ పీసీకి నేను చెప్పేది డ్యూయల్ బూట్. కంపోజింగ్ వరకే విండోస్ 10, దాంట్లో డివైస్ మేనేజర్‌కి వెళ్లి నెట్‌వర్క్ అడాప్టర్‌ను డిజేబుల్ చేసేయాలి. మెయిల్, బ్రౌజింగ్, వాట్సాప్ వెబ్, బ్యాంకు పనులు అన్నీ మింట్‌లో. ప్రెస్సుకు పంపాల్సిన పీడీఎఫ్ విండోస్ డ్రైవ్‌లో ఉన్నా మింట్ నేరుగా తెరుస్తుంది. దానికి విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేదంటే ఆ డ్రైవ్‌లో రాయడం కుదరకపోవచ్చు. డీటీపీ లేని ఇంటికి ఈ రెండు సంసారాలు దండగ, మింట్ ఒక్కటే చాలు.

పార్టిషన్ విడదీసే ముందు ఫైల్స్ అన్నీ బయటి డిస్కులోకి కాపీ చేయండి. యూపీఎస్ లేకుండా అసలు మొదలుపెట్టొద్దు, సైజు మారుస్తుండగా కరెంటు పోతే డేటా పోయే ప్రమాదం ఉంది. చేతిలో కొంచెం డబ్బుంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, పాత పీసీకి ఓఎస్ మార్పు కంటే దాని ప్రభావమే ఎక్కువ.

రెండు ఓఎస్‌లు పెట్టాక విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తే బ్యాటరీ పోయిందనుకోకండి. బోర్డులోని టైమ్‌ను లినక్స్ గ్రీనిచ్ టైమ్‌గా, విండోస్ మన టైమ్‌గా లెక్కేస్తాయి. నెట్ ఆపేశాం కాబట్టి విండోస్ తనంతట తాను సరిచేసుకోదు. మింట్‌లో టెర్మినల్ తెరిచి, టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో హార్డ్‌వేర్ గడియారాన్ని లోకల్ టైమ్‌కి మార్చి, విండోస్‌లో ఒక్కసారి టైమ్ సెట్ చేస్తే సరిపోతుంది.