కనురెప్పల వాపు: దాని కారణములు, ఉపశమనము

మైపాడు మొదలుకొని ఇందుకూరుపేట వఱకు గల వరిచేలలో కోతలు సాగు దినములయందు, ఉదయమున ఏ కళ్లమునకు పోయినను, రెప్పలుబ్బి కన్నులు సగము మూసికొనిన కూలీలు ఒకరిద్దరు కనబడుచుందురు. కంటిలో నలుసు పడినదని యొకరు, రాత్రి ఏదో పురుగు కుట్టినదని యొకరు, దిష్టి తగిలినదని మఱియొకరు చెప్పుదురు. ఇంతలో నెవరో మందుల దుకాణమునకు పోయి చుక్కల సీసా యొకటి తెత్తురు. ఆ సీసాను గూర్చి హెచ్చరించుటకే నేనీ వ్యాసమును వ్రాయ బూనితిని. కాని సీసా మాటకు ముందు వాపు మాట తెలిసికొనుట యవసరము.

మన శరీరమునం దంతటను కనురెప్పమీది చర్మము మిక్కిలి పలుచనిది. దానిక్రింద కొవ్వు దాదాపుగా లేదు; వదులైన పొరలు మాత్రము గలవు. చెఱువుకట్టలో మన్ను వదులుగా నున్నచోటనే ఊట చేరునట్లు, శరీరమున కొద్దిపాటి నీరు చేరినను అది మొదట రెప్పలలోనే కనబడును. రాత్రి పండుకొనియుండుటచే నీరు రెప్పలలో నిలిచి, తెల్లవాఱుసరికి వాపు హెచ్చుగా నుండి, మనము లేచి తిరిగినకొలది తగ్గుచుండును. అందువలన నొకని రెప్పలు ఉబ్బియున్నంత మాత్రమున రోగము కంటిలోనే యున్నదని తలంపరాదు. కారణము కంటిలో నుండవచ్చును, చేతిమీద నుండవచ్చును, కడుపులో నుండవచ్చును.

అలర్జీ యను మాటను 1906లో వియన్నా నగర వైద్యుడైన పిర్కే యనునాతడు కల్పించెను. మన శరీరములో రోగక్రిములను పట్టుటకు కావలి గలదు. ఆ కావలివాడు ఒక్కొకనియందు పొరపడి, హానిలేని పుప్పొడినో ధూళినో దొంగ యనుకొని కేకలు వేయును. ఆ కేకలే వాపు, దురద, కన్నీరు. కావలి కణములలో దాచియున్న హిస్టమిన్ అను పదార్థము వెలువడి, సన్నని రక్తనాళములను వదులు చేయగా, వానినుండి నీరు రెప్పపొరలలోనికి ఊరును. ఇంగ్లాండులో పూర్వము కోతకాలమున ముక్కు కారి కండ్లుబ్బు రోగమునకు క్రొత్త ఎండుగడ్డియే కారణమని రైతులు నమ్మి, దానికి గడ్డిజ్వరమని పేరు పెట్టిరి. మాంచెస్టరు వైద్యుడు బ్లాక్లీ, తానే యా రోగముచే బాధపడువాడై, పలువిధములగు పుప్పొళ్లను తనపైననే పరీక్షించుకొని, తప్పు పుప్పొడిదని 1873లో ప్రకటించెను. లోకమంతయు నమ్మిన కారణము ఒకటి, నిజమైన కారణము ఒకటి. మన కళ్లములయందును జరుగుచున్నది ఇదియే.

ఇక రైతు ముఖ్యముగా గుర్తెఱుగవలసిన దొకటి గలదు. రెప్పలకు వచ్చు అలర్జీ రెండు నడకలు గలది. ఒకటి వేగముగా వచ్చునది. పుప్పొడి, ధూళి, తిన్న యాహారము మొదలగువానివలన నిమిషములలోనో గంట రెండు గంటలలోనో రెప్పలుబ్బును, దురద విశేషము, చర్మము మాత్రము నునుపుగనే యుండును, ఒకటి రెండు దినములలో తగ్గును. రెండవది ఆలస్యముగా వచ్చునది. చర్మమునకు సోకిన వస్తువువలన ఒకటి మొదలు మూడు దినముల తరువాత రెప్ప ఎఱ్ఱబడి, గరుకెక్కి, పొట్టు రాలి, మంట పుట్టును. ఈ రెండవ నడకయే మనలను మోసగించుచున్నది. బుధవారమునాడు రెప్పలుబ్బిన మనిషి మంగళవారము రాత్రి తిన్న కూరను నిందించును. నిజమునకు కారణము సోమవారమునాడు గట్టుమీద పెఱికిన కలుపు. అది చేతికి తగిలినది గదా, రెప్ప కేల వాచెనని యడుగవచ్చును. అరచేతి చర్మము దళమైనది, రెప్పచర్మము పలుచనిది. చెమట తుడుచుకొనుటకు చేయి ముఖముమీదికి పోవుట మనకు తెలియకయే దినమునకు నూఱుసార్లు జరుగుచుండును. చేతికి ఏమియు గాక రెప్పలు మాత్రము వాచుట ఇందువలననే.

మన తీరమున నిట్టి వస్తువులలో మొదట చెప్పదగినది వయ్యారిభామ, కాంగ్రెసుగడ్డి యని పిలువబడు తెల్లపూల కలుపు. ఇది అమెరికా ఖండపు మొక్క. మన దేశమున 1955లో పూనా ప్రాంతమున గుర్తింపబడి, తరువాత దేశమంతయు వ్యాపించినది. దీని ఆకులమీది నూగులోను, పుప్పొడిలోను పార్థెనిన్ అను విషపదార్థము గలదు. పచ్చిమొక్కను తాకనక్కఱలేదు, ఎండిన మొక్క పొడియై గాలిలో లేచినను చాలును. రెప్పలు, మెడ, మోచేతిమడతలు ఒక్కమారుగా ఎఱ్ఱబడి దురద పెట్టినచో, చొక్కా కప్పిన చోట చర్మము బాగుగ నున్నచో, మొదట దీనినే యనుమానింపుడు. కలుపుతీత ప్రదర్శనమునకై ఒట్టిచేతులతో దీనిని పెఱికి చూపి, మూడవనాడు కన్నులు తెఱువలేక ఇంటనుండిన ప్రదర్శకుడు ఈ వ్యాసకర్తయే. ఇతరుల కంటిలోని నలుసును గూర్చి ఉపన్యసించువాడు తన చేతులకు తొడుగు వేసికొనుట మఱచినాడు.

వరిధూళి వేఱు సంగతి. నూర్పిడిలో లేచు నూగు గ్రుచ్చుకొనుటచే కలుగు రాపిడి యెవరికైనను కలుగును. అది అలర్జీ కాదు. తడిసిన గడ్డివామిని విప్పినపుడు లేచు బూజు మాత్రము కొందఱకు అలర్జీని తెచ్చును. వరికోత యంత్రములు వచ్చుటచే కళ్లములు తగ్గినవి గాని, యంత్రము వెనుక నడచువానికి ధూళి తగ్గలేదు. సర్కారుతుమ్మ పుప్పొడియు, ఇసుకనేలలలో నాటిన సరుగుడు, అనగా సర్వితోపుల పుప్పొడియు గాలిలో దూరము పోవును. ప్రతియేట ఒకే ఋతువున కన్నులు దురదపెట్టి వాచువారు ఇంటిచుట్టును పూచు చెట్లను గమనింపవలెను.

రొయ్యల చెఱువులు గల మన గ్రామములలో మఱియొకటి చెప్పక తప్పదు. రొయ్య తిన్న కొలదిసేపటిలో రెప్పలు, పెదవులు ఉబ్బువారు కొందఱు గలరు. రొయ్యలోని ట్రోపోమయోసిన్ అను మాంసకృత్తు ఉడికించినను చెడనిది. కావున ఎంత వేయించి వండినను అట్టివారికి లాభములేదు. పీతయు వారికి పడకపోవచ్చును. చేపలోని అలర్జీ పదార్థము వేఱగుటచే, రొయ్య పడనివానికి చేపయు పడదను నియమము లేదు.

నెరసిన వెండ్రుకలకు వేయు నల్లరంగును గూర్చి చెప్పిన కొందఱు పెద్దలు నాపై కోపింతురేమో! ఆ రంగులలో పెక్కింటియందు పారాఫినిలిన్ డయామిన్ అను రసాయనము గలదు. పెండ్లికి ముందునాడు మీసమునకు రంగు వేసి, పెండ్లినాటికి ముఖమే గుర్తుపట్టరాకుండ ఉబ్బిన పెండ్లికుమారుని తండ్రిని నేనెఱుగుదును. ఆ రంగు ఒకసారి పడనివానికి మఱల వేసిన కొలది వాపు హెచ్చును. క్రొత్తగా వేయువారు చెవి వెనుక చుక్కంత పూసి రెండు దినములు వేచి చూడవలెను.

రాత్రివేళ దీపమునొద్దకు వచ్చు ఒక చిన్న పెంకుపురుగు గలదు. చూచుటకు చీమవలె నుండి, ఎఱుపు నలుపు పట్టెలు గలిగి, తోకను పైకెత్తి నడచును. వరిచేనిలో ఇది మనకు మిత్రమే. దోమపోటు పురుగులను తినును. కాని దీనిని మెడమీదనో ముఖముమీదనో నలిపినచో దీని శరీరములోని రసము తగిలి ఒకటి రెండు దినములకు చర్మము కాలినట్లు బొబ్బలెక్కి, రెప్పలు మిక్కిలి వాచును. ఇది అలర్జీ కాదు, విషముచే కలుగు కాలుడు. ఒంటిమీద వ్రాలినపుడు నలుపక ఊదివేయవలెను. తగిలినచోట వెంటనే సబ్బుతో కడుగవలెను.

ఉపశమన మార్గము సులభమైనది. కారణమైన వస్తువునుండి తొలగుట మొదటి మందు. చేనినుండి వచ్చినవెంటనే చేతులు సబ్బుతో కడిగికొని, తరువాతనే ముఖము కడిగికొనవలెను. ఈ వరుస తప్పరాదు. తల స్నానము చేసి బట్టలు మార్చవలెను. తలలోని ధూళి రాత్రి దిండుమీదికి, దిండునుండి కంటికి చేరును. శుభ్రమైన గుడ్డను చల్లని త్రాగునీటిలో ముంచి పిండి, మూసిన రెప్పలపై పదినిమిషములు వేయుచు, దినమునకు మూడు నాలుగు పర్యాయములు చేయవలెను. మంచుగడ్డ దొరకినను గుడ్డలో చుట్టియే పెట్టవలెను. కన్ను నలుపుట మానవలెను. నలిపినకొలది హిస్టమిన్ మఱింత వెలువడును. దురదతో వేగముగా వచ్చిన వాపునకు, పెద్దవారు సెటిరిజిన్ పది మిల్లీగ్రాముల మాత్ర దినమున కొక్కటి వేసికొనవచ్చును. నిద్రమత్తు కలుగవచ్చును గనుక ఆనాడు ట్రాక్టరు నడపరాదు. గర్భిణులును, మూత్రపిండముల జబ్బు గలవారును వైద్యు నడుగకుండ వేసికొనరాదు, పసిపిల్లలకు ఇయ్యరాదు. రెండవ నడకకు చెందిన వాపునకు, అనగా పొట్టు రాలి మంట పెట్టుదానికి, ఈ మాత్ర అంతగా పనిచేయదు. దానికి వైద్యుని చూచుట మేలు.

నందివర్ధనపు పూవును మూసిన కంటిపై నుంచుకొనుటలో చల్లదనమున్నది, దోషము లేదు. దాని రసమును గాని, ఏ యాకుపసరును గాని, చనుబాలను గాని కంటిలో పోయరాదు. అవి శుభ్రమైనవి కావు. కంటికి గీత పడియున్నచో పుండు చేయును.

ఇక సీసా మాట. దుకాణములలో చీటి లేకయే యిచ్చు కంటిచుక్కలలో పెక్కింటియందు డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ మొదలగు స్టెరాయిడులు గలవు. ఒక్కొకప్పుడు క్రిమిసంహారక ఔషధముతో కలిసియుండును. వేసినవెంటనే దురద మాయమగును, వాపు తగ్గును. అందుచేతనే అవి అంత ప్రీతికరములైనవి. నాకు తెలిసిన యొక రైతు దురద వచ్చినపుడెల్ల అట్టి సీసాను మూడేండ్లపాటు వాడెను. మొదట ప్రక్కనుండి వచ్చు మనిషి కనబడుట మానెను. తరువాత గట్టుమీద నడచుచు అంచు తెలియక పడెను. చూపించిన కంటివైద్యుడు, కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు కలిగినవనియు, పోయిన చూపు మరల రాదనియు చెప్పెను. నీటికాసులలో నొప్పి యుండకపోవచ్చును. తెలిసికొనునప్పటికి సగము పోయియుండును. ఈ మందువలన శుక్లమును రావచ్చును. వరియాకు గీచుకొని కంటిలో బూజుపుండు మొదలైనవానికి ఇదే సీసా వేసినచో కొలది దినములలో కన్నే పోవచ్చును. స్టెరాయిడు చెడ్డమందని నేననుట లేదు. కంటివైద్యుడు లోని ఒత్తిడిని కొలిచి, ఇన్ని దినములని చెప్పి యిచ్చినపుడు అది యమృతము. సీసాపై పేరును చదివించుకొనకుండ కంటిలో ఒక్క చుక్కయు వేయకుడు. వైద్యుడు అలర్జీకే యిచ్చు ఓలోపటాడిన్ వంటి చుక్కలలో స్టెరాయిడు లేదు.

అలర్జీ కానివానిని గుర్తించుట మిక్కిలి ముఖ్యము. దురద గలిగి రెండు కన్నులును వాచినచో అలర్జీ కావచ్చును. ఒక కన్ను మాత్రము ఎఱ్ఱబడి, నొప్పి పెట్టి, జ్వరము వచ్చి, గ్రుడ్డు కదపలేకపోయినచో, చూపు తగ్గినచో, వెలుతురు చూడలేకపోయినచో, నల్లగ్రుడ్డుపై తెల్లచుక్క కనబడినచో ఆనాడే పెద్దాసుపత్రికి పోవలెను. దురద లేకయే ప్రతి ఉదయము రెప్పలు ఉబ్బి, పాదములు కూడ వాచి, మూత్రము తగ్గినచో లేదా నురుగు కట్టినచో మూత్రపిండములను పరీక్ష చేయించవలెను. పిల్లలయందు దీనిని అలర్జీ యని త్రోసివేయరాదు. రెప్పలతోపాటు పెదవులు, నాలుక ఉబ్బి, గొంతు బొంగురుపోయి, ఊపిరి ఆడకున్నచో 108కి ఫోను చేయవలెను. అప్పుడు మాత్రలతో కాలము గడుపరాదు, వెంటనే అడ్రినలిన్ సూది అవసరము.

మఱియొకటి. కళ్లమునందో చెఱువుగట్టు పాకలోనో నేలపై పండుకొనినవాడు తెల్లవాఱుసరికి రెప్పలు ఎత్తలేక, మాట ముద్దగా పలుకుచు, మ్రింగుటకు కష్టపడుచున్నచో అది వాపు కాదు, రెప్పలు వాలిపోవుట. కట్లపాము కాటున గాటు కనబడకపోవచ్చును, నొప్పియు నుండకపోవచ్చును. నిద్రమత్తని వదలివేసిన గంటలోనే ఊపిరి నిలిచిపోవచ్చును. వెంటనే 108కి ఫోను చేసి, విషమునకు విరుగుడు సూది గల ఆసుపత్రికి చేర్చవలెను.

వాపు తరచుగా వచ్చువారు చిన్న పుస్తకమొకటి పెట్టుకొని, వాపు వచ్చిన దినమును, దానికి ముందు మూడు దినములలో చేసిన పనిని, తిన్న యాహారమును, ముఖమునకు తలకు పూసినవానిని వ్రాసికొనుడు. నాలుగైదు మారులు వ్రాయుసరికి కారణము తనంతట తానే బయటపడును. వైద్యునొద్దకు పోవునపుడు ఆ పుస్తకమును, అంతవఱకు వాడిన సీసాలను వెంట తీసికొని పొండు.

వయ్యారిభామను పూత రాకముందే, వాన కురిసి నేల మెత్తగా నున్నపుడు వేళ్లతో పెఱికివేయవలెను. పూచిన తరువాత ఒక్కొక మొక్క వేలకొలది గింజలను రాల్చును. చేతులకు తొడుగులు, లేనిచో పాలిథీను సంచులు, నిండుచేతుల చొక్కా, ముక్కునకు గుడ్డ ఉండవలెను. ఇదివఱకే రెప్పలు వాచిన వానిని ఆ పనికి పంపరాదు. దీని యాకును తిను మెక్సికో దేశపు పెంకుపురుగును 1984లో బెంగళూరు ప్రాంతమున విడిచిరి. మీ గట్లపై ఆకులు జల్లెడవలె చిల్లులుపడి కనబడినచో ఆ పురుగును చంపకుడు. పూత రాని మొక్కలను పెంటగుంటలో వేసిన మంచి యెరువగును. పూచినవానిని మాత్రము గుంటలో వేయకుడు, గాలికి ఎండనీయకుడు.