బార్కస్‌లో విద్యావాసం

విద్యార్జన కోసం స్వదేశాన్ని విడిచి దూరదేశంలో కొంతకాలం నివసించడం తెలుగునేలకు కొత్త కాదు. క్రీ.శ. ఏడవ శతాబ్దంలో చైనా దేశపు బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ కృష్ణాతీరంలోని ధాన్యకటకానికి వచ్చి కొన్ని మాసాలు నిలిచాడు. అక్కడి ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘిక శాఖకు చెందిన అభిధర్మ గ్రంథాలను అభ్యసించాడు. ప్రతిగా వారికి తాను నేర్చిన మహాయాన శాస్త్రాలను బోధించాడు. ఆ విధంగా గురుశిష్యులు ఒకరి స్థానంలోకి ఒకరు మారడం ఆ విద్యావాసంలోని విశేషం. పన్నెండు శతాబ్దాల తరువాత, 1895లో, హైదరాబాదు నుండి పదహారేళ్ళ బాలిక ఒకతె నిజాం ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఇంగ్లండుకు ఓడనెక్కింది. ఆమె సరోజినీ చట్టోపాధ్యాయ. తరువాతి కాలపు సరోజినీ నాయుడు. లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివి 1898లో తిరిగివచ్చింది.

హైదరాబాదు విద్యార్థులను పంపే నగరంగా మాత్రమే మిగిలిపోలేదు. కాలక్రమంలో విద్యార్థులను రప్పించుకొనే నగరంగా కూడా ఎదిగింది. 1918లో ఉర్దూ బోధన భాషగా ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1948 తరువాత ఆంగ్ల మాధ్యమానికి మారింది. 1958లో నెలకొన్న కేంద్ర ఆంగ్ల సంస్థ నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా వెలుగొందుతున్నది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1998లో విదేశీ విద్యార్థుల కోసం ప్రత్యేక అధ్యయన కార్యక్రమాన్ని చేపట్టింది. ఈ కార్యక్రమంలో ఒక అర్ధసంవత్సరం చదవడానికి వచ్చే విద్యార్థికి ప్రాంగణంలోనే వసతి ఉంటుంది. తిరిగి వెళ్ళే తేదీ కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. పూర్తి పట్టా కోసం సొంత ఖర్చుతో వచ్చి, నగరంలో అద్దె గది వెదుకుకొనే విద్యార్థి పరిస్థితి వేరు. యెమెన్, సోమాలియా, సూడాన్ వంటి దేశాల నుండి వచ్చినవారిలో చాలామందిది ఈ రెండవ మార్గమే. అటువంటివారిలో పలువురు పాతనగరపు దక్షిణ కొసన, చాంద్రాయణగుట్టకు ఆవలనున్న బార్కస్‌ను తమ నివాసంగా ఎంచుకొన్నారు.

ఈ ఎంపిక వెనుక ఒక చరిత్ర ఉన్నది. సైనిక నివాసాలను సూచించే ‘బ్యారక్స్’ అనే ఆంగ్లపదం జనుల నాలుకపై ‘బార్కస్’ అయింది. నిజాముల కొలువులోని అరబ్బు సైనికులు నివసించిన ప్రదేశమిది. వారిలో అధిక సంఖ్యాకులు అరేబియా ద్వీపకల్పపు దక్షిణ తీరాన గల హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చినవారు. వర్షాలు అరుదైన లోయలు, అక్కడక్కడ ఖర్జూర తోటలు, నిరంతర వంశకలహాలు గల ఆ భూమి తన బిడ్డలందరినీ పోషించలేకపోయింది. కొందరు జావాకు, కొందరు తూర్పు ఆఫ్రికాకు, కొందరు హైదరాబాదుకు తరలిపోయారు. హైదరాబాదులో సంపాదించిన ధనం హద్రమౌత్ రాజకీయాలనే మార్చివేసింది. నిజాం సైన్యంలో జమాదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశీయులు ఆ ధనబలంతో స్వదేశంలో కోటలు పట్టి, ముకల్లా రేవు రాజధానిగా రాజ్యం స్థాపించారు. ఆ రాజ్యం 1967 వరకు నిలిచింది. వారికి ప్రత్యర్థులైన కథీరీ వంశీయులకు సైతం హైదరాబాదు కొలువుతో సంబంధం ఉండేది. ఎడారికి ఆవలి రెండు సింహాసనాలకు మూసీతీరపు జీతాలు ఊతమిచ్చాయంటే నమ్మడం కష్టమే, కాని అది చరిత్ర.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత నిజాం సైన్యాలు రద్దయ్యాయి. అరబ్బు సైనికులలో కొందరిని స్వదేశాలకు పంపివేశారు. ఈ నేలపై పుట్టినవారు, ఇక్కడి స్త్రీలను వివాహమాడినవారు నిలిచిపోయారు. కత్తిపట్టిన చేతులు త్రాసు పట్టుకొన్నాయి. తరువాతి తరాలలో పలువురు గల్ఫు దేశాలకు ఉద్యోగార్థులై వెళ్ళారు. అయినా బార్కస్ తన పూర్వస్మృతిని విడువలేదు. గళ్ళ లుంగీ కట్టుకొన్న వృద్ధులు, ‘బా’ అనే అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు, ఉదయవేళ గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించిన హరీస్, వివాహాలలో మోగే మర్ఫా వాద్యం ఇందుకు నిదర్శనాలు. ఈ హరీస్‌కే సుగంధ ద్రవ్యాలు తోడై హైదరాబాదీ హలీం ఏర్పడింది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఒకప్పుడు బార్కస్ జామపండ్లకు నగరమంతటా పేరుండేది. ఆ తోటలున్న చోట ఇప్పుడు ఎక్కువగా ఇళ్ళే ఉన్నాయి.

సనా నగరం నుండి వచ్చిన విద్యార్థి ఇటువంటి వాడలో అడుగుపెట్టినప్పుడు అతనికి కలిగే మొదటి అనుభూతి ఆశ్చర్యం. పరదేశానికి వచ్చానని అనుకొన్నవానికి ఇంటివద్ద తినే మందీ అన్నం ఎదురవుతుంది. పెద్ద పళ్ళెంలో రాశిగా పోసిన అన్నం, దానిపై మాంసఖండాలు, చుట్టూ నేలపై కూర్చొని ఒకే పళ్ళెంలో తినే నలుగురైదుగురు మిత్రులు. పద్ధతి అంతా పరిచితమే. నమాజు వేళల పిలుపు, దుకాణాలపై అరబ్బీ అక్షరాలు అతనికి ధైర్యమిస్తాయి. తక్కువ అద్దె, ముందే వచ్చిన స్వదేశీయుల సహాయం ఉండనే ఉన్నాయి. అయితే అతడు అరబ్బీలో పలుకరించిన పాన్‌డబ్బా యజమాని దక్కనీ ఉర్దూలో బదులిస్తాడు. ఇంటిపేరు అరబ్బుదే, భాష మాత్రం హైదరాబాదుది. నూరేళ్ళకు మించిన సహవాసం మనిషిని ఎంత మారుస్తుందో విద్యార్థికి అప్పుడు బోధపడుతుంది.

ఈ సౌకర్యానికి చెల్లించవలసిన మూల్యమూ ఉన్నది. తనవారి నడుమనే వసించే విద్యార్థి తాను వచ్చిన దేశాన్ని ఎంతవరకు చూస్తాడు? ఈ ప్రశ్న బార్కస్‌కు మాత్రమే పరిమితం కాదు. అమెరికాలోని డల్లాస్ నగరానికి వెళ్ళిన తెలుగు విద్యార్థి మరో ముగ్గురు తెలుగువారితో ఒకే ఇంట్లో చేరి, పప్పు, ఆవకాయలతో భోజనం చేస్తూ, తెలుగు చిత్రాలు చూస్తూ రెండేళ్ళు గడిపివేయవచ్చు. అతనిని నిందించడం సులభం. కాని తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన విద్యార్థికి మొదటి అవసరం పరీక్షలో ఉత్తీర్ణత. దేశదర్శనం ఆ తరువాతి మాట. బార్కస్ విద్యార్థి విషయంలోనూ న్యాయమిదే.

అదృష్టవశాత్తు నగరం ఎవరినీ గదిలోనే ఉండనీయదు. బార్కస్ నుండి ఉస్మానియా ప్రాంగణానికి పది కిలోమీటర్లకు పైగా దూరం. సంతోష్‌నగర్, సైదాబాద్‌ల మీదుగా మూసీ దాటి అంబర్‌పేట చేరే ఆ దారే విద్యార్థికి రెండవ పాఠశాల. షేర్ ఆటోలో ముందుసీటు అంచున సగం కూర్చోవడం, కిక్కిరిసిన సిటీబస్సులో చిల్లర చేతినుండి చేతికి కండక్టరును చేరి, టిక్కెట్టు అదే త్రోవన తిరిగిరావడం, వాన కురిస్తే గంట ప్రయాణం మూడు గంటలు కావడం అతడు నేర్చుకొంటాడు. పాతనగరంలో ‘కిధర్’ అన్న మాటతో పని జరుగుతుంది. నది దాటిన తరువాత ‘ఎక్కడ’ అనే మాట అవసరమవుతుంది. విశ్వవిద్యాలయ కార్యాలయాలలో, భోజనశాలలో, జిల్లాల నుండి వచ్చిన సహపాఠుల సంభాషణలో తెలుగు వినిపిస్తుంది.

తెలుగు తనకు పూర్తిగా అన్యమైన భాష అని భావించే అరబ్బు విద్యార్థికి ఇక్కడ రెండవ ఆశ్చర్యం ఎదురవుతుంది. వాక్యం అర్థం కాకపోయినా నడుమ నడుమ తెలిసిన మాటలు వినబడతాయి. హక్కు, జవాబు, తారీఖు, ఖాళీ, కుర్చీ, దుకాణం, వకీలు, అసలు వంటి పదాలన్నీ అరబ్బీ నుండి, ఎక్కువగా పారసీక, ఉర్దూ భాషల మీదుగా, తెలుగులోకి వచ్చినవే. కొన్ని పదాలు ప్రయాణంలో అర్థాన్ని మార్చుకొన్నాయి. అరబ్బీలో పక్కటెముకను, పార్శ్వాన్ని సూచించే మాట మన జిల్లా అయింది. పాలితులను, మందను సూచించే ‘రఇయ్యత్’ తెలుగులో నాగలిపట్టిన రైతు అయింది. అరబ్బీలో ‘తారీఖ్’ అంటే చరిత్ర కూడా. తెలుగులో అది కేవలం దినం. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే సాగలేదు. నారికేళం అరబ్బీలో ‘నార్జీల్’ అయింది. పిప్పలి ‘ఫిల్‌ఫిల్’ అయి మిరియాలకు పేరైంది. అరబ్బులు తాము వ్రాసే అంకెలను ‘హిందూ అంకెలు’ అనే నేటికీ వ్యవహరిస్తారు. వ్యాకరణ పుస్తకం తెరవకుండానే ఇన్ని మాటలు చేతికందడం చిన్న లాభమేమీ కాదు.

విదేశీ విద్యార్థి జీవితంలో కాగితాల పాత్ర పెద్దది. 180 రోజులకు మించి ఉండదలచిన వారు దేశానికి చేరిన 14 రోజులలో విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. విద్యార్థి వీసాపై వచ్చినవారు ఉద్యోగం చేయరాదు. వీసా గడువు, ప్రవేశపత్రం, అద్దె ఒప్పందం, హాజరు ధ్రువీకరణ, వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలినవి కదలవు. ఈ నియమాలన్నిటి వెనుక ఒకే భావన ఉన్నది: విద్యార్థి చదువు ముగించుకొని ఇంటికి తిరిగి వెళతాడు.

ఇంటికి దారి మూసుకుపోయినవారి సంగతేమిటి? 1991లో సోమాలియాలో కేంద్ర ప్రభుత్వం కూలిపోయింది. దీర్ఘకాలం అక్కడ విశ్వసనీయమైన విశ్వవిద్యాలయ విద్య దుర్లభమైంది. చదువు కోసం బయలుదేరినవారికి తిరిగివెళ్ళడం ఎప్పుడనేది తెలియదు. యెమెన్‌లో 2014లో ఆరంభమైన అంతర్యుద్ధం 2015 మార్చిలో సౌదీ అరేబియా నాయకత్వంలోని వైమానిక దాడులతో తీవ్రమైంది. ఆ ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం ‘ఆపరేషన్ రాహత్’ పేరిట నౌకలను, విమానాలను పంపి, 4,600 మందికి పైగా భారతీయులను, వారితోపాటు 900 మందికి పైగా విదేశీయులను ఆ దేశం నుండి తరలించింది. భారతీయులు యెమెన్ నుండి ఇల్లు చేరుతున్న ఆ రోజులలోనే, భారతదేశంలో చదువుతున్న యెమెన్ విద్యార్థులు తమ ఇళ్ళకు చేరే దారిలేక నిలిచిపోవలసివచ్చింది. యుద్ధంలో చిక్కుకొన్న దేశం నుండి నెలనెలా డబ్బు రావడం సైతం సందేహాస్పదమవుతుంది. డబ్బు రాకున్నా అద్దె ఇవ్వాలి. రుసుము కట్టకున్న పరీక్షకు అనుమతి లేదు. ఉద్యోగానికి చట్టం ఒప్పుకోదు.

అటువంటి స్థితిలో చదువు పొడిగించుకోవడమొక మార్గం. పట్టా ముగిస్తే స్నాతకోత్తర విద్య, అది ముగిస్తే పరిశోధన. జ్ఞానతృష్ణతో పైచదువుకు వెళ్ళేవారూ, వీసా గడువును తలచుకొని వెళ్ళేవారూ ఒకే తరగతి గదిలో కూర్చొంటారు. చూచేవారికి భేదం కనిపించదు. మరొక మార్గం ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ వద్ద నమోదు కావడం. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. కనుక ఆ సంస్థ ఇచ్చే పత్రం కొంత రక్షణనిస్తుందే కాని విద్యార్థి వీసాతో సమానం కాదు. విద్యార్థిగా వచ్చినవాడు శరణార్థిగా మారడానికి అతడు చేసిన తప్పేమీ అవసరం లేదు. అతడు పుస్తకం చదువుతుండగా దేశం కూలితే చాలు.

సనా విమానాశ్రయం నుండి వాణిజ్య విమానాలు 2016 ఆగస్టులో ఆగిపోయాయి. 2022 మే నెలలో, దాదాపు ఆరు సంవత్సరాల తరువాత, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు తొలి విమానం బయలుదేరింది. 2025 మేలో ఇజ్రాయెల్ దాడులలో ఆ విమానాశ్రయమే దెబ్బతిన్నది. సనా మూతపడిన సంవత్సరాలలో యెమెన్‌కు వెళ్ళదలచినవారికి ముఖ్యమైన ద్వారాలు రెండే: దక్షిణాన ఏడెన్, తూర్పున సేయూన్. అక్కడ దిగి, తనిఖీ కేంద్రాలు దాటుకొంటూ, కొండలను, ఎడారిని చుట్టివచ్చే రహదారులపై సుదీర్ఘంగా ప్రయాణించి సనా చేరాలి. ఈ సేయూన్ హద్రమౌత్ లోయలోని పట్టణం. కథీరీ సుల్తానుల రాజధాని. బార్కస్ నుండి బయలుదేరిన విద్యార్థి విమానం దిగి తొలి అడుగు మోపేది, బార్కస్ వృద్ధుల తాతలు ఓడరేవుకు నడక సాగించిన ఆ లోయలోనే.