పరీక్ష దేనిని కొలుస్తోంది?



ఏటా ఈ సంచికలో మన పిల్లల మార్కులు చూస్తుంటారు. ఈసారి ఆ మార్కులు ఎక్కడ పోతున్నాయో నాలుగు మాటలు చెప్పదలచాము. మీరు ఫీజు కట్టి, పుస్తకాలు కొనిచ్చి చదివిస్తున్న బిడ్డకు వచ్చిన పాఠంలోనే సున్నా వస్తే, ఆ నష్టం బిడ్డతో పాటు మనందరిదీ.

మా సాయంకాల తరగతుల్లో ఏడో తరగతి పిల్లలకు మేమే ఒక లెక్క ఇచ్చాము:

"ఒక వర్తకుడు ఒక్కొక్కటి 80 రూపాయల చొప్పున కొనుగోలు చేసిన 25 గాజు గ్లాసులలో రవాణా సందర్భంగా 5 ధ్వంసమవగా, మిగిలినవాటిని ఒక్కొక్కటి 110 రూపాయల వంతున విక్రయించిన యెడల అతనికి కలిగిన లాభమెంత లేక నష్టమెంత?"

ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు మాధ్యమంలో చదివే ఒక అమ్మాయి ఖాళీ కాగితం ఇచ్చింది. లెక్కల్లో వెనుకబడిందని రాసేశాము. మర్నాడు ఆ అమ్మాయే వచ్చి, "సార్, విక్రయించడమంటే కొనడమా, అమ్మడమా?" అని అడిగింది. అమ్మడమని చెప్పగానే అక్కడే నిలబడి చేసేసింది. పెట్టుబడి 2,000, వచ్చింది 2,200, లాభం 200. ఆ బిడ్డకు లెక్క వచ్చు. ప్రశ్న రాయడం రానిది మాకే.

అదే ప్రశ్నను ఇలా మార్చాము:

"ఒక వ్యాపారి 25 గాజు గ్లాసులు కొన్నాడు. ఒక్కో గ్లాసు 80 రూపాయలు. దారిలో 5 పగిలిపోయాయి. మిగిలినవి ఒక్కోటి 110 రూపాయలకు అమ్మాడు. అతనికి లాభమా, నష్టమా? ఎంత?"

అంకెలు మారలేదు. చేయవలసిన గుణకారాలు, తీసివేతలు అవే. పగిలిన గ్లాసులను వదిలేయాలన్న ఆలోచన కూడా పిల్లలే చేయాలి. తీసేసింది మాటల అడ్డు ఒక్కటే.

"ఇలా చేస్తే ప్రమాణం తగ్గదా?" అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్నే. దానికి మేము పాటిస్తున్న కొలత ఇది: ఈ ప్రశ్నతో దేనిని పరీక్షిస్తున్నాం? దానిని ముట్టుకోకూడదు. మిగిలిన అడ్డంకులు తీసేయవచ్చు. లెక్కల ప్రశ్నను టీచరు చదివి వినిపించవచ్చు. తెలుగు పరీక్షలో చదివి అర్థం చేసుకోమని ఇచ్చిన పేరాను మాత్రం చదివి వినిపిస్తే పరీక్షే పోతుంది.

ఇలాంటి అడ్డంకులు ఇంకా ఉన్నాయి. చూపు తక్కువైన బిడ్డకు చిన్న అక్షరాల ప్రశ్నపత్రం అడ్డు. వినికిడి లోపమున్న బిడ్డకు నోటితో చెప్పి రాయించే ప్రశ్న అడ్డు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని బిడ్డకు రంగుల పటం అడ్డు. రంగు పక్కన పేరో అంకెో వేస్తే చాలు. చేయి వేగంగా సాగని బిడ్డకు గడియారమే అడ్డు.

ఇది దయతో ఇచ్చేది కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్, అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి మార్పులు పరీక్షా విధానంలో చేయాలని చెబుతోంది. కేంద్రం 2018లో రాత పరీక్షలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, సహాయకునితో రాసేవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంది. 40 శాతం వైకల్యం లేకపోయినా, రాయడం నిజంగా కష్టమైనవారికి సహాయకుణ్ని నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పింది.

హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు. పదో తరగతి పరీక్షకు నెలల ముందే ధ్రువపత్రంతో ప్రధానోపాధ్యాయుల ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి. కూలి పోగొట్టుకుని సదరం శిబిరానికి తిరగలేక ఆగిపోయే తల్లిదండ్రులున్నారు.

అందుకే దాతలను మేము కోరేవి ఇవి. ఆ తల్లిదండ్రుల దారి ఖర్చులు, ఒక రోజు కూలి భరించండి. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రాల జిరాక్సులకు, భూతద్దాలకు కొంత కేటాయించండి. మీ ఇళ్లలో చదువుకున్న యువతీయువకులను వారానికి ఒక సాయంత్రం పంపండి. ప్రశ్న చదివి వినిపించడం, చెప్పింది చెప్పినట్టు రాయడం మేము నేర్పుతాము. సహాయకునితో రాయడం పిల్లలకూ ముందుగా అలవాటు కావాలి. ఇక బహుమతుల విషయం: మొదటి ర్యాంకుతో పాటు, నిరుటి కంటే బాగా ముందుకు వచ్చిన పిల్లలకూ ఒకటి ఉంచండి.

వచ్చే ఏడు మార్కుల పట్టిక చూసినప్పుడు తక్కువ మార్కులున్న పేరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఈ బిడ్డకు ప్రశ్న అందిందా అని మమ్మల్ని అడగండి. సమాధానం చెప్పవలసిన బాధ్యత మాది.