స్టెబిలైజ్డ్ బైనాక్యులర్స్: వానాకాలంలో ఇలా దాచుకోండి

ఫోన్ తడిస్తే వెంటనే తెలుస్తుంది. బైనాక్యులర్స్‌లో ఫంగస్ పడితే నెలల తర్వాత గానీ తెలియదు. పోయినేడాది జూన్‌లో జన్నారం దగ్గర కవ్వాల్ అడవిలో పక్షులు చూసొచ్చి, నా ఇమేజ్ స్టెబిలైజ్డ్ బైనాక్యులర్స్‌ని సంచితో సహా బీరువాలో పెట్టేశా. దసరాకి కరీంనగర్‌లో తీసి చూస్తే సెల్స్ లీకై ఉన్నాయి, స్టెబిలైజర్ ఆన్ కాలేదు, లెన్స్ లోపల సాలెగూడు లాంటి ఫంగస్! తప్పు నాదే.

మామూలు వాటిలో లెన్స్‌లు, ప్రిజమ్‌లే ఉంటాయి. వీటిలో సెన్సర్లు, సర్క్యూట్ కూడా ఉంటాయి. ఉదాహరణకు కానన్ 10×30 ఐఎస్ 2 మోడల్ రెండు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది, వాటర్‌ప్రూఫ్ కాదు. అందుకే ఇలా చేయండి:

1. వాడకం అయిపోగానే సెల్స్ తీసేయండి.
2. తడి ఉంటే మెత్తటి బట్టతో తుడిచి, ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు.
3. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ వేసి దాచండి. తేమ 40–50 శాతం ఉంటే చాలు. లెదర్ కేసులో వద్దు, అది తేమ పీలుస్తుంది.
4. నెలకోసారి సెల్స్ వేసి స్టెబిలైజర్ చెక్ చేయండి.

ఫంగస్ ఒక్కసారి కోటింగ్‌ని తినేస్తే, ఎంత క్లీన్ చేసినా ఆ మచ్చ పోదు. సిలికా జెల్ ప్యాకెట్ ఖర్చు దాని ముందు ఏపాటిది?