వరి పొలంలో జీలుగ, అజొల్లా: సందేహాలు - సమాధానాలు

కాలువ నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. ఈలోగా జీలుగ రెండు నెలలు దాటి మనిషెత్తు పెరిగింది, కాడలు గట్టిపడ్డాయి. ఇప్పుడు దున్నితే లాభమేనా?
– ఒక రైతు, తణుకు ప్రాంతం

లాభమే, కాకపోతే లేత రొట్ట ఇచ్చినంత త్వరగా ఇవ్వదు. జీలుగను పూత దశలో, అంటే విత్తిన 45-50 రోజులకు కలియదున్నితే తొందరగా చివుకుతుంది. ముదిరిన కాడలో పీచు ఎక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ముందు నేలలో ఉన్న నత్రజనినే వాడేసుకుంటాయి. నాట్లేసిన కొత్తలో వరి పాలిపోయేది అందుకే. రోటవేటరుతో ముక్కలు చేయించి, నీరు నిలగట్టి, కనీసం రెండు వారాలు మురగనివ్వండి. ఆఖరి దమ్ములో వేసే యూరియాను ఈసారికి మానకండి.

వచ్చే ఏడు జీలుగ చల్లేటప్పుడే సూపర్ ఫాస్ఫేటు వేయండి. భాస్వరం అందితేనే వేరుబుడిపెలు బాగా కడతాయి. ఆ భాస్వరం వృథా కాదు, రొట్టతోపాటు మళ్లీ వరికే చేరుతుంది. నెల వయసు మొక్కను వేళ్లు తెగకుండా పెకలించి, ఒక బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదు. మరుసటిసారి విత్తనానికి రైజోబియం పట్టించండి. పైసా ఖర్చులేని ఈ పరీక్షను పచ్చిరొట్ట వేసే ప్రతి రైతూ చేయాలని నా కోరిక.

యాసంగి వరిలో అజొల్లా వదిలాను. పచ్చగా ఉన్నది ఎర్రబడింది. తెగులా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

తెగులే అనుకోకండమ్మా. భాస్వరం చాలకపోయినా, ఎండ ముదిరినా అజొల్లా ఎర్రబడుతుంది. కొద్దికొద్దిగా సూపర్ ఫాస్ఫేటు చల్లండి, మడి ఆరనివ్వకండి. ఇంకో మాట. నీటిమీద తేలుతున్నంతకాలం అది పట్టిన నత్రజని చాలావరకు దానిలోనే ఉంటుంది. మడంతా పరుచుకున్నాక నీరు తీసి బురదలో తొక్కించండి. వరికి అందేది అది కుళ్లిన తర్వాతే.

మినుముకు తెచ్చిన రైజోబియం ప్యాకెట్ మిగిలింది. వరి నారుకు వాడవచ్చా?
– ఒక యువ రైతు, బాపట్ల

వద్దు. వరి వేళ్లకు రైజోబియం బుడిపెలు కట్టదు. దాన్ని గడువులోగా మినుముకే వాడండి. వరికి కావలసింది అజోస్పైరిల్లం. నీళ్లలో కలిపి, నారు వేళ్లను ముంచి నాటండి. వేళ్లను అంటిపెట్టుకుని కొంత నత్రజని ఇస్తుంది, వేరు సాగడానికీ తోడ్పడుతుంది. దాన్ని నమ్ముకుని యూరియా మొత్తం ఆపేస్తే మాత్రం దిగుబడి పోతుంది. ప్యాకెట్‌ను ఎండలోనూ, ఎరువు బస్తాల మీదా పెట్టకండి. లోపల ఉన్నవి ప్రాణమున్న జీవులు.