వెలుగుతో నాడి

పూర్వం వైద్యుడు రోగి మణికట్టు పట్టుకొని నాడి చూసేవాడు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వ్యాపించినప్పుడు తెలుగునాట ఎన్నో ఇళ్ళలో వేలికి తగిలించే ఒక చిన్న పరికరం ఆ పని చేసింది. అదే పల్స్ ఆక్సీమీటరు. అంకె 94 కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్ళాలని వైద్యులు చెప్పడంతో, ఇంటిల్లిపాదీ దానివైపే చూస్తూ గడిపిన రాత్రులు అనేకం. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్నతోనే నిత్యం తలపడే వృత్తి ఒకటి ఉంది.

కాంతిని గుర్తించే అర్ధవాహక చిప్పులను రూపొందించేవారు వేరు, వాటితో పరికరాలు తయారుచేసేవారు వేరు. వీరిద్దరి నడుమ నిలిచేవారు అప్లికేషన్స్ ఇంజనీర్లు. చిప్పు గుణగణాలను వివరించే పత్రాలు రాయడం, నమూనా సర్క్యూటు చేసి చూపడం వీరి పనులు. పరికరం మొరాయించినప్పుడు కబురు వచ్చేదీ వీరికే.

ఆక్సీమీటరులో రెండు చిన్న దీపాలుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు కాంతిని, రెండవది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కాంతిని ఇస్తుంది. వేలికి ఆవలివైపున సిలికాన్ ఫోటోడయోడు ఆ కాంతిని అందుకొని విద్యుత్తుగా మారుస్తుంది. ఆక్సిజన్ నిండిన రక్తం ఎరుపును తక్కువగా, పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకొంటుంది. ఆక్సిజన్ లేని రక్తం తీరు ఇందుకు విరుద్ధం. చర్మం, ఎముక పీల్చుకొనే కాంతి క్షణక్షణం మారదు. ధమనులలో రక్తం పొంగినప్పుడే అది మారుతుంది. జపానులోని నిహాన్ కోడెన్ సంస్థ ఇంజనీరు టకువో అవోయాగి గుండె పంపే రక్త పరిమాణాన్ని కాంతితో కొలవబోగా నాడి స్పందన అడ్డుపడింది. దానిని తొలగించే ప్రయత్నంలోనే, ఆ స్పందనలో ఆక్సిజన్ లెక్క దాగి ఉందని ఆయన కనుగొన్నాడు. అది 1970ల నాటి మాట. అడ్డంకియే ఆధారమైంది!

అయితే ఆ మార్పు తరచు మొత్తం కాంతిలో నూటికి ఒక వంతు మాత్రమే. చోకు గల ట్యూబులైటు మన దేశంలో సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. పరికరం సెకనుకు 99 సార్లు కాంతిని కొలుస్తున్నదనుకొందాం. ఆ రెండింటి తేడా సెకనుకు ఒకటి, అంటే నిమిషానికి 60. అప్పుడు వేలికి బదులు రబ్బరు ముక్కను పెట్టినా దానికి చక్కని నాడి కనిపించవచ్చు! అందుకే దీపాలు రెండింటినీ క్షణకాలం ఆర్పి, బయటి వెలుతురును విడిగా కొలిచి తీసివేస్తారు. కొలిచే వేగాన్ని సైతం మారుస్తారు. ఇటువంటి చిక్కులు ప్రయోగశాలలో పట్టుబడతాయి.

పట్టుబడనిది మరొకటి ఉంది. కాంతి నిష్పత్తి ఎంత ఉంటే ఆక్సిజన్ ఎంత అనే పట్టిక సూత్రం నుండి నేరుగా రాదు. ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకుల చేత ఆక్సిజన్ తగ్గించిన గాలిని పీల్పించి, వారి ధమని రక్తాన్ని పరీక్షించి దానిని తయారుచేస్తారు. ఆ సేవకులలో ముదురు ఛాయ గలవారు ఎందరు? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కనీసం పదిమంది సేవకులలో అటువంటివారు ఇద్దరుంటే చాలును. 2020 డిసెంబరులో అక్కడే వెలువడిన ఒక అధ్యయనం, పరికరం 92 నుండి 96 చూపుతుండగా రక్తంలో నిజంగా 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలను లెక్కించింది. తెల్లవారిలో అవి 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. ఊపిరి తగ్గుతున్నా పరికరం పరవాలేదన్నదన్నమాట.

దీపానికి కరెంటు పెంచి, ముదురు చర్మం గుండా వచ్చే బలహీనమైన కాంతిని ఇంజనీరు గట్టిపరచగలడు. బ్యాటరీ త్వరగా అయిపోవడం తప్ప అందులో పెద్ద ఇబ్బంది లేదు. కాని పట్టికలోని లోపాన్ని కరెంటు దిద్దలేదు. దానికి మళ్ళీ మనుషులే కావాలి, అన్ని ఛాయలవారూ కావాలి. అదే నియంత్రణ సంస్థ 2025 జనవరిలో విడుదల చేసిన ముసాయిదా ఆ పదిమంది స్థానంలో 150 మందిని పరీక్షించాలని ప్రతిపాదించింది.