దక్కను డెర్బీ

పల్నాటి తిరునాళ్ళలో బండలాగు పందెములు జరుగునపుడు రెండు పండ్ల గిత్తల నొక వరుసకును, నాలుగు పండ్ల వానిని వేఱొక వరుసకును బిలుతురు. ఈడుకు ఈడే జోడు గదా! గుఱ్ఱపు పందెములలో మిక్కిలి పేరు వడసిన డెర్బీయందు ఈ కట్టుబాటు మఱింత గట్టిది. అది మూడేండ్ల గుఱ్ఱములకే. ఒకసారి యోడిన గుఱ్ఱము మఱుసటి యేట మరల వచ్చుటకు వీలులేదు.

ఈ పందెము 1780లో ఇంగ్లండునందలి ఎప్సమ్ మైదానమున బుట్టినది. దానికి డెర్బీ ప్రభువు పేరా, చార్లెస్ బన్బరీ పేరా యని నాణెము నెగురవేయగా డెర్బీ పేరు నిలిచినదని చెప్పుదురు. పేరు దక్కకున్నను తొలి పందెమును గెలిచినది బన్బరీ గుఱ్ఱమగు డయోమెడే! మొదట మైలు దూరము, 1784 నుండి మైలున్నర. దారిలో దాటవలసిన కంచెలు గాని గోతులు గాని లేవు. పచ్చికబయట వడియే ప్రధానము.

ఇందు పరుగెత్తునవి థరోబ్రెడ్ జాతి గుఱ్ఱములు. తూర్పుదేశముల నుండి ఇంగ్లండు చేరిన మూడు మగగుఱ్ఱములే నేటి యీ జాతికంతకును మూలపురుషులు. మూడవయేట గెలిచిన మగగుఱ్ఱమును తరువాత సంతానమునకై పోషింతురు. మేలైన ఒంగోలు కోడెను ఆబోతుగా విడుచు రైతు ఆలోచనయు నిదియే. కావున డెర్బీ వట్టి వేడుక కాదు, జాతికి పరీక్ష.

హైదరాబాదులో గుఱ్ఱపు పందెములు 1868లో మౌలాలీయందు మొదలయ్యెను. 1886లో ఆఱవ నిజాము మహబూబు అలీఖాను వానిని మలక్‌పేటకు మార్పించెను. 1961లో హైదరాబాదు రేసు క్లబ్బు ఏర్పడెను. అక్టోబరు 2వ తేదీన అచ్చట దక్కను డెర్బీని నడుపుట ఆనవాయితీ. దూరము 2000 మీటర్లు. బొంబాయి మహాలక్ష్మీ మైదానమున 1943లో మొదలైన ఇండియన్ డెర్బీ మాత్రము నాలుగేండ్ల గుఱ్ఱములకు. ఇది వింతగా దోచవచ్చును. ఏ నెలలో బుట్టినను గుఱ్ఱమునకు జనవరి 1వ తేదీననే యొక యేడు పెరిగినట్లు లెక్క. బొంబాయి పందెము ఫిబ్రవరిలో వచ్చును గనుక అక్టోబరులో మూడేండ్లున్న గుఱ్ఱమే అచ్చటికి నాలుగేండ్లదగును. ఆ తొలి డెర్బీని గెలిచినది ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అను ఆడుగుఱ్ఱము.

పందెమొడ్డుటను గూర్చి పల్నాటివారికి వేఱుగ జెప్పనేల? కోడిపందెమున నోడి బ్రహ్మనాయుడు మాచెర్లను విడిచిపోయిన కథ ఇంటింట నెఱిగినదే. గుఱ్ఱపు పందెము నేర్పుతో గూడినదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నిజమే కావచ్చును, కాని నేర్పరియు నెలజీతము పోగొట్టుకొని వట్టిచేతుల నింటికి రాగలడు. గుఱ్ఱమునకు ఆ బాధ లేదు.

ఆ పరుగంతయు రెండు నిమిషములకు కొంచెము మించి యుండదు. రౌతు తొందరపడినచో దాని బలము ముందే తఱుగును. ఆలసించినచో గమ్యమే ముందు వచ్చును. పందెము ముగియునప్పటికే లాయములలో రెండేండ్ల పిల్లలు మఱుసటి యేటికై కళ్ళెమునకు నలవాటు పడుచుండును.